బూడిద రంగు స్పీకరు

స్పీకరమ్మకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గాని, అది బ్యాంకు పుస్తకంలో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. పాలు తెచ్చే మనిషి దగ్గర్నుంచి కట్టుకున్న మొగుడి దాకా అందరికీ ఆవిడ స్పీకరమ్మే. గొంతు పెద్దదని వచ్చిన పేరు కాదది. నిజానికి మాటల విషయంలో ఆవిడ మహా పిసినారి. మూగబోయిన స్పీకర్లకు మాటలు తెప్పిస్తుంది, అందుకని ఆ పేరు.

పద్దెనిమిదో ఏట స్పీకర్ల ఫ్యాక్టరీలో చేరింది. పొడుగాటి బల్ల, దానికి అటు పదిమంది ఇటు పదిమంది ఆడపిల్లలు. ఇనుప చట్రం అంచుకు కుంచెతో జిగురు పూసి, కాగితపు కోను అంటించడం ఆవిడ పని. కోను అంటే మరేం కాదు, స్పీకరుకు ముఖంలా కనబడే నల్లటి కాగితపు గిన్నె. అది వణికితేనే శబ్దం. జిగురు ఒక చుక్క ఎక్కువైతే గొంతు బొంగురుపోతుంది, ఒక చుక్క తక్కువైతే గరగరమంటుంది. అలా పందొమ్మిదేళ్ళు అంటించింది. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజు తలా ఒక కుర్చీయో గడియారమో అడిగి పట్టుకెళ్తుంటే, ఈవిడ రెండు సంచుల నిండా కుంచెలూ కోన్లూ అడిగి తెచ్చుకుంది.

"ఇవేం కూర వండుకుంటామా?" అన్నాడు మొగుడు.

"మీ కత్తెరలు మాత్రం వేయించుకు తింటున్నామా?" అందావిడ.

మొగుడిది క్షవరశాల. రెండు వీధుల అవతల మూడు కుర్చీలు, నాలుగు అద్దాలు. ఇంటి ముందుగదిని ఆవిడ దుకాణంగా మార్చుకున్నాక, ఆవిడకు గిరాకీ వచ్చిందంటే సగం పుణ్యం ఆయనదే. మెడకు తెల్లగుడ్డ చుట్టించుకుని, గొంతు మీద కత్తి ఉన్న మనిషి ఎక్కడికి లేచి పోగలడు? భార్య ప్రతాపం చచ్చినట్టు వినేవాడు. విన్నవాళ్ళలో పాత కార్లున్న ఆసామి ఒకాయన ఉన్నాడు. ఆయన ఇంకొకాయనకు చెప్పాడు. పాత కార్ల పిచ్చి అంటురోగం లాంటిది కాబట్టి రోగులందరికీ ఒకరి చిరునామా ఒకరి దగ్గర ఉంటుంది. ఏడాది తిరిగేసరికి, రెండు సీట్ల పాత పరుగుపందెం కార్లున్న వాళ్ళు తమ రేడియో స్పీకరు అసలైనదా కాదా తేల్చుకోవాలంటే ఆ ముందుగదికే రావడం మొదలుపెట్టారు.

ఆవిడ పద్ధతి చూసినవాళ్ళకు తమాషాగా ఉండేది. స్పీకరు అందుకోగానే ముఖం చూడదు, బోర్లా తిప్పుతుంది. చట్రం వెనక గుద్దిన ఆరంకెలు ముందు చూస్తుంది. మొదటి మూడూ ఏ ఫ్యాక్టరీదో చెబుతాయి. నాలుగోది ఏడాదిలో చివరంకె. ఆఖరి రెండూ ఆ ఏడాదిలో ఎన్నో వారమో. తర్వాత రెండు వేళ్ళతో కోనును నెమ్మదిగా నొక్కి చెవి దగ్గర పెట్టుకుంటుంది. టార్చిలైటు బ్యాటరీ ఒకటి తీగెలకు ఆనిస్తుంది. కోను 'టప్'మని ఎగిరి పడుతుంది. చివరికి జిగురు వాసన చూస్తుంది. అంతే, జాతకం చెప్పేస్తుంది.

ఒక శనివారం పొద్దున్న పళ్ళ డాక్టరు వచ్చాడు. పేట చివర ఆసుపత్రి ఉన్న మనిషి, నలభై దాటిన వయసు. రోగులతో మాట్లాడీ మాట్లాడీ ఏ మాటైనా 'ఏం నొప్పి ఉండదు' అన్నంత మెత్తగా అంటాడు. ఆయన దగ్గర నలభై రెండేళ్ళ కిందటి ఆకుపచ్చ కారు ఉంది. రెండే సీట్లు. అందులో కూర్చోవడమంటే నేల మీద చాప పరుచుకుని కూర్చోవడమే. దాన్ని ఆరేళ్ళుగా మేకుకు మేకు, మరకు మర వెతికి తెచ్చి నిలబెట్టాడు. మూడు నెలల్లో పాత కార్ల పోటీ ఉంది. అందులో అన్నీ అసలువే అయి ఉండాలి, ఒక్కటి నకిలీ అయినా మార్కులు కోస్తారు.

డాక్టరు గుడ్డలో చుట్టిన స్పీకరును పసిబిడ్డలా బల్ల మీద పెట్టాడు. "చాలా దూరం నుంచి తెప్పించానండీ. అసలుదేనని కాగితం కూడా ఇచ్చారు."

స్పీకరమ్మ కాగితం వైపు చూడలేదు. స్పీకరు బోర్లించింది. "మీ కారు ఎప్పుడు పుట్టిందండీ?"

"ఇంజను పక్కన పలక మీద ఉంది. ఇరవై ఎనిమిదో వారం."

"ఇది ముప్పై తొమ్మిదో వారంలో పుట్టింది."

"ఏడాది ఒకటే కదండీ?"

"ఏడాది ఒకటే. పెళ్ళయి జనం ఇళ్ళకు వెళ్ళిపోయాక మేళం వచ్చినట్టుంది. కారుకన్నా స్పీకరు నెలో రెణ్ణెల్లో పెద్దదై ఉండాలి డాక్టరుగారూ. మా దగ్గర తయారై, పెట్టెలకెక్కి, కార్ల ఫ్యాక్టరీకి చేరాలి కదా."

డాక్టరు ముఖం చిన్నబోయింది. ఆరేళ్ళ కష్టం అరచేతి వెడల్పు ఇనుము దగ్గర ఆగిపోయింది.

"నేను చేరిన ఏడాదేలెండి అది. కళ్ళు తెరుచుకుని ఉంటాను. కనబడితే కబురు చేస్తా" అంది స్పీకరమ్మ. అంత పొడుగు మాట ఆవిడ నోటి వెంట రావడమే గొప్ప. డాక్టరుకు ఆ సంగతి తెలియక నిరాశగా వెళ్ళిపోయాడు.

కళ్ళు తెరుచుకుని ఉంటానంది గాని, ఆవిడకు అది చెవులకు దొరికింది. మూడు వారాల తర్వాత మొగుడి దుకాణం తెల్లగుడ్డలు ఇస్త్రీకి ఇవ్వడానికి వీధి మలుపులో ఉన్న కొట్టుకు వెళ్ళింది. ఇస్త్రీ ఆయన డెబ్బై ఏళ్ళ మనిషి, ఏదీ తొందరగా చేయడు, ఏదీ మాడ్చడు. గుడ్డలు లెక్కపెడుతున్నాడు. మూలనుంచి ఫుట్‌బాల్ ఆట వ్యాఖ్యానం వస్తోంది. చెప్పేవాడు గొంతు తడారిపోయి గుటక వేశాడు. ఆ గుటక స్పీకరమ్మకు వినబడింది. చేతిలో గుడ్డలు అలాగే ఉండిపోయాయి.

"అన్నయ్యా, ఆ మూల కుండలో ఏముంది?"

"ఆట ఉంది చెల్లెమ్మా. మనవాళ్ళు రెండు, వాళ్ళు ఒకటి."

"అది కాదు. కుండలో ఏం పెట్టావని."

నీళ్ళకుండ మూతి మీద బోర్లించిన స్పీకరు అది. పక్కనే చిన్న రేడియో, దానినుంచి రెండు తీగెలు. ఎప్పుడో పాతిక ముప్పై ఏళ్ళ కిందట తుక్కు కొట్టులో ఒక కారును విప్పుతుంటే తెచ్చుకున్నాడట. ఆవిడ వంగి, చూపుడువేలితో మసి తుడిచింది. డాక్టరు తెచ్చినదానిలాగే కోడిగుడ్డు ఆకారం. తన ఫ్యాక్టరీ అంకెలు మూడు. తన ఏడాది. ఇరవై రెండో వారం. గుండె బ్యాటరీ ఆనించిన కోనులా ఎగిరిపడింది. చట్రం బూడిద రంగులో ఉంది.

మరొకరైతే బూడిద రంగు చూసి పెదవి విరిచేవారు. ఆ చట్రాలన్నీ నలుపే అని ప్రపంచమంతా ఎరుగును. కాని తాను చేరిన కొత్తల్లో నల్లరంగు డబ్బాలు తెచ్చే ఓడ ఎక్కడో ఆగిపోతే, బల్ల ఫ్యాన్ల రెక్కలకు వేసే బూడిద రంగే స్పీకర్లకూ వేశారు. సాయంత్రానికి పిల్లలందరి గోళ్ళూ బూడిద రంగుకు తిరిగేవి. కొన్నాళ్ళకు నలుపు వచ్చింది, సంగతి అందరూ మరిచిపోయారు.

"అన్నయ్యా, ఇది నాకియ్యి. దీని బదులు కొత్తది ఇస్తాను."

"కొత్తది నాకెందుకు?" అన్నాడాయన ఇస్త్రీపెట్టె ఆపకుండానే.

"ఇంకా పెద్దగా వినబడుతుంది."

"పెద్దగా వినబడటానికి నాకేం చెముడా? ఇందులో ఆట చెప్పేవాడి ఊపిరి వినబడుతుంది చెల్లెమ్మా. గోలు పడబోయే ముందు వాడు గాలి పీలుస్తాడు చూడు, అది విని నేను ముందే లేచి నిలబడతాను. అలాంటిదే తెస్తే ఇది పట్టుకుపో."

పందెం పడింది. స్పీకరమ్మ ఇంటికొచ్చి, తన సంచుల్లోంచి మంచి కోను ఒకటి తీసి, కొత్త చట్రానికి అంటించి, రెండు రోజులు ఆరబెట్టి తీసుకెళ్ళింది. ఇస్త్రీ ఆయన కళ్ళు మూసుకుని ఒక సగం ఆట విన్నాడు.

"గొంతు బంగారం. ఊపిరి లేదు."

మళ్ళీ వెళ్ళింది. ఈసారి కోను అంచున ఉండే గుడ్డను పలచన చేసింది. ఆయన విని నవ్వాడు. "ఊపిరి ఉంది. మరీ చెవిలో ఊదుతున్నట్టుంది. సిగ్గేస్తోంది, తీసెయ్యి."

ఇంట్లో ఆవిడ అన్నం కూడా సరిగా తినడం మానేసింది. నలభై ఏళ్ళ పనితనం ఒక కుండ ముందు ఓడిపోవడమా? రాత్రి వేళకాని వేళ లేచి కూర్చుంటుందేమోనని మొగుడు భయపడ్డాడు గాని, ఆవిడ హాయిగా నిద్రపోయి, పొద్దున్నే లేచి అంది: "ఎంత బుద్ధి తక్కువదాన్నండీ! నేను బల్ల మీద పెట్టి వింటున్నాను. ఆయన కుండ మీద పెట్టి వింటున్నాడు."

ఆ మధ్యాహ్నం కుంచె, జిగురు, కత్తెర సంచిలో వేసుకుని ఇస్త్రీ కొట్టులోనే బైఠాయించింది. ఆ వేడికి జిగురు చిటికెలో ఆరుతోంది. ఆయన ఇస్త్రీ చేస్తున్నాడు, ఈవిడ కుండ మీద స్పీకరు పెడుతోంది, వింటోంది, తీస్తోంది, అంచును గోటితో గీరుతోంది, మళ్ళీ పెడుతోంది. గుడ్డలకోసం వచ్చినవాళ్ళు ఇద్దరినీ చూసి, ఏదో వైద్యం జరుగుతోందనుకుని నెమ్మదిగా మాట్లాడి వెళ్ళిపోయారు. నాలుగో షర్టుల మూట పూర్తయ్యే వేళకు, రేడియోలో ఆటగాడు బంతి తన్నబోయాడు, చెప్పేవాడు గాలి పీల్చాడు, ఇస్త్రీ ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"గోలు!" అంది కుండ.

"పట్టుకుపో చెల్లెమ్మా నీ బూడిద ముఖందాన్ని" అన్నాడాయన.

డాక్టరు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కాని బూడిద రంగు చూసి తటపటాయించాడు. స్పీకరమ్మ రంగు కథ చెప్పింది. తొమ్మిది వారాల పాటు అలా నడిచిందని, తన రెండు కళ్ళతో చూశానని చెప్పింది. మసీ గంజీ తుడిచింది తప్ప కోనును ముట్టుకోలేదు. తుడుస్తుండగా జిగురు గీత ముగిసిన చోట చిన్న తోక కనబడింది. అందరూ కుడినుంచి మొదలుపెట్టి కుడికే వస్తారు, ఈ తోక ఎడమ వైపు ఉంది. ఆవిడ తనలో తాను నవ్వుకుంది. ఆ బల్ల దగ్గర ఎడమచేతి వాటం మనిషి ఒక్కతే.

పోటీ ఒక బడి ఆటస్థలంలో జరిగింది. ముప్పై కార్లు తళతళలాడుతూ వరసగా నిలబడ్డాయి. డాక్టరు బలవంతం మీద స్పీకరమ్మ, ఎవరి బలవంతమూ లేకుండా ఆవిడ మొగుడూ వెళ్ళారు. న్యాయనిర్ణేత ఒక పెద్దాయన. ఆ కార్ల గురించి ఇటుక రాయంత పుస్తకం రాసిన మనిషి. ఏ మరకు ఎన్ని చుట్లో ఆయనకు కంఠతా వచ్చు. బట్టతల, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు, చేతిలో చిన్న టార్చి. ఆకుపచ్చ కారు చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి తల ఊపాడు. డాక్టరుకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు పెద్దాయన సీట్ల వెనక స్పీకరుకు అడ్డున్న జాలీ విప్పించి, టార్చి వేసి లోపలికి చూశాడు.

"అయ్యో. చట్రానికి రంగు వేశారే."

"వేశారండీ. ఫ్యాక్టరీలోనే వేశారు" అంది స్పీకరమ్మ.

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని ఆవిడను చూశాడు. "ఈ చట్రాలు నల్లగా ఉంటాయమ్మా. పుస్తకంలో ఉంది."

"ఆ ఏడాది తొమ్మిది వారాలు బూడిద రంగు వేశారండీ. నల్లరంగు రాలేదు."

"పుస్తకంలో ఆ సంగతి లేదు."

"పుస్తకం రాసినవారు అప్పుడు మా ఫ్యాక్టరీకి వచ్చారాండీ?"

"లేదు."

"నేను వచ్చానండీ. రోజూ ఎనిమిదింటికి."

చుట్టూ నలుగురు చేరారు. మొగుడు ఛాతీ విరుచుకుని అందరినీ ఒకసారి కలయజూశాడు. స్పీకరమ్మ వాదన పెంచలేదు. స్పీకరును బయటికి తీయించి, సంచిలోంచి భూతద్దం తీసి పెద్దాయన చేతికిచ్చింది. "జిగురు చూడండి. తర్వాత ఎవరైనా రంగు వేస్తే జిగురు మీద పడాలి. ఇక్కడ రంగు జిగురు కిందుంది. అంకెలు చూడండి. రంగు మీదనుంచి గుద్దారు, లోపల ఇనుము మెరుస్తోంది."

పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. లేచేటప్పుడు ముఖంలో ఇందాకటి ధీమా లేదు.

"మీరు చెప్పేది కొట్టిపారేయలేనమ్మా. కాని నిబంధన ప్రకారం పుస్తకమే ప్రమాణం. రెండు మార్కులు తీసేయక తప్పదు."

"పుస్తకం మీదే కదండీ?"

"నాదే. అందుకే తప్పించుకోలేకపోతున్నాను."

ఆకుపచ్చ కారు ఒక్క మార్కు తేడాతో రెండోదైంది. డాక్టరు పెద్దమనిషి, పళ్ళు కనబడేలా నవ్వి కప్పు అందుకున్నాడు. ఆ నవ్వు వెనక ఏముందో స్పీకరమ్మకు తెలుసు. తిరుగు దారిలో ఆవిడకు బాధేసింది. మార్కులు పోయినందుకు కాదు. పందొమ్మిదేళ్ళు ఒక బల్ల దగ్గర కూర్చుని చేసిన పని, తన మాటగా చెబితే చాలదని, ఎవరో అచ్చులో చెబితేనే నిజమవుతుందని అర్థమైనందుకు మనసు చివుక్కుమంది.

"ఆయన ఎప్పుడైనా నా కుర్చీలో కూర్చోకపోతాడా, నా తడాఖా చూపించకపోతానా!" అన్నాడు మొగుడు.

"ఆయనకు బట్టతల కదండీ."

"గడ్డం ఉందిగా!"

ఆవిడకు నవ్వు ఆగలేదు. చివుక్కుమన్న మనసు కొంత సర్దుకుంది.

తర్వాతి ఆదివారం వియ్యపురాలు వచ్చింది. ఈ వియ్యపురాలు ఒకప్పుడు ఫ్యాక్టరీలో స్పీకరమ్మ పక్క కుర్చీ మనిషి. ఐదేళ్ళు పెద్ద. ఇద్దరూ 'ఒసే', 'ఏమే' అనుకుంటూ పెరిగినవాళ్ళు. స్పీకరమ్మ కొడుకు ఆవిడ కూతుర్ని చేసుకున్నాక, మర్యాద కోసం 'వదినగారూ' అనుకోవలసి వచ్చింది. కోపం వస్తే మాత్రం పాత పిలుపులే బయటికొస్తాయి.

"ఎడమచేతి తోక కనబడింది వదినగారూ. ఆ స్పీకరు మీరు అంటించిందే" అంది స్పీకరమ్మ.

"నాదే అయ్యుంటుంది! తోక వదిలేస్తున్నానని సూపర్వైజరు రోజూ తిట్టేవాడు. వాడి తిట్లే ఇవాళ సాక్ష్యమయ్యాయన్నమాట." వియ్యపురాలు మురిసిపోయింది. పోటీ కథంతా విని మాత్రం భృకుటి ముడిచింది. "తొమ్మిది వారాలని చెప్పారా? పదమూడు వారాలు కదా ఆ బూడిద రంగు!"

"తొమ్మిదే వదినగారూ."

"పదమూడు. అప్పుడు నాకు మీ కోడలు కడుపులో ఉంది. ఆ రంగు వాసనకు వాంతులు పట్టుకున్నాయి. నెల తప్పినప్పుడు మొదలైన రంగు, నాలుగో నెల వచ్చాక పోయింది. మూడు నెలలంటే పదమూడు వారాలు కాదా?"

"నాకు బాగా జ్ఞాపకం, తొమ్మిది!"

"కడుపు మోసింది నేనా, నువ్వా? నోరు మూసుకోవే!"

మర్యాద అక్కడితో సరి. కోడలు వంటింట్లోంచి తొంగిచూసి, తన పుట్టుక గురించే గొడవని తెలుసుకుని, నెమ్మదిగా వెనక్కి తగ్గింది.

ఆ గొడవ తేలకముందే, సరిగ్గా పోటీ అయిన నెలకు, ఇంటి ముందు ఒక కారు ఆగింది. పుస్తకం పెద్దాయన దిగాడు. చంకలో లావుపాటి ఫొటోల పుస్తకం ఉంది. ముందుగదిలో ముక్కాలిపీట మీద కూర్చుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అన్నాడు: "నిద్ర పట్టడం లేదమ్మా. జిగురు కింద రంగు కళ్ళ ముందే ఉంది."

ముప్పై ఏళ్ళుగా తాను చూసిన ప్రతి కారు స్పీకరుకూ ఆయన ఫొటో తీసి పెట్టుకున్నాడు. బూడిద రంగువి కనబడితే 'ఎవరో రంగు వేశారు' అని పక్కన రాసి తోసేశాడు. ఇప్పుడు వాటన్నిటినీ ఏరి తెచ్చాడు. ఐదున్నాయి. స్పీకరమ్మ భూతద్దం పెట్టి అంకెలు ఒక్కొక్కటే చదివింది. పందొమ్మిదో వారం. ఇరవై నాలుగు. ఇరవై ఏడు. ముప్పై. ముప్పై ఒకటి.

"పందొమ్మిదినుంచి ముప్పై ఒకటి అంటే పదమూడు వారాలు. మీరు తొమ్మిదన్నారు" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా.

స్పీకరమ్మ చెవులు వేడెక్కాయి. లోపలికెళ్ళి ట్రంకుపెట్టె అడుగునుంచి ఉద్యోగంలో చేరిన కాగితం తెచ్చింది. తన మాట నిలబెట్టుకోవడానికే తెచ్చింది. జూన్ మొదటి సోమవారం. క్యాలెండరు ముందేసుకుని ఇద్దరూ వారాలు లెక్కపెట్టారు. ఇరవై మూడో వారం వచ్చింది.

ఆవిడకు అప్పుడు లెక్క అర్థమైంది. తాను చేరేనాటికే బూడిద రంగు మొదలై నాలుగు వారాలైంది. తాను చూసినవి తొమ్మిది, అందుకే తొమ్మిదే జ్ఞాపకం. తాను వెళ్ళడంతోనే లోకం మొదలైందని అనుకుంది, పద్దెనిమిదేళ్ళ పిల్ల అలాగే అనుకుంటుంది మరి. ఇంకో సంగతి అంతకన్నా ఇరకాటం. డాక్టరు స్పీకరు ఇరవై రెండో వారానిది.

ఆ మాట ఆవిడ చెప్పకపోతే పెద్దాయనకు తట్టేది కాదు. ఆయన అప్పటికే ఫొటోలు సర్దుకుంటున్నాడు.

"ఆగండి. ఆ రోజు నలుగురిలో ఒక మాటన్నాను. రోజూ ఎనిమిదింటికి నేను వచ్చానని. అబద్ధమండీ. ఆ స్పీకరు తయారైన వారానికి నేనింకా చేరలేదు. ఒక్క వారం తేడా. అది అంటించింది మా వదినగారు. పదమూడు వారాలన్నదీ ఆవిడే. వెళ్ళి ఆవిణ్ణి అడగండి."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంతమంది నాకు పాత సంగతులు చెప్పారమ్మా. తాము చెప్పింది తప్పని వెతికి మరీ చెప్పినవాళ్ళు మీరొక్కరే."

"తప్పు ఒప్పుకోకుండా పోతే మా వదినగారు బతకనిస్తుందాండీ?" అంది స్పీకరమ్మ.

వియ్యపురాలి దగ్గరికి ఆవిడే తీసుకెళ్ళింది. గుమ్మంలోనే, ఎవరూ అడగకుండానే, "పదమూడే వదినగారూ" అంది. వియ్యపురాలు ఆ మాటను మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత పెద్దాయన్ను కూర్చోబెట్టి, ఓడ కథ, ఫ్యాన్ల రంగు కథ, వాంతుల కథ వరసగా చెప్పింది. ఆయన అన్నీ రాసుకున్నాడు. వాంతుల దగ్గర మాత్రం కలం ఆపాడు.

పుస్తకం కొత్త ముద్రణ మరుసటి ఏడాది వచ్చింది. స్పీకర్ల పేజీలో కొత్తగా నాలుగు వాక్యాలు చేరాయి. ఏ వారంనుంచి ఏ వారం దాకా చట్రాలు బూడిద రంగువో ఉంది. ఆ సంగతి చెప్పింది ఫ్యాక్టరీలో నాలుగో నంబరు బల్ల ఆడవాళ్ళని ఉంది. పేర్లు వేస్తానని పెద్దాయన అన్నాడు గాని, వీళ్ళిద్దరూ కలిసే వద్దన్నారు. ఆ బల్ల దగ్గర ఇరవై మంది కూర్చున్నారు. కొందరు ఇప్పుడు లేరు. ఇద్దరి పేర్లు వేసుకుంటే తక్కిన పద్దెనిమిది మందికి ఏం జవాబు చెబుతాం అంది వియ్యపురాలు. క్షవరశాలలో మాత్రం ఆ పేజీ అద్దం పక్కన అతికించబడి, కుర్చీ ఎక్కినవాడికల్లా చదివి వినిపించబడింది.

పోయిన మార్కులు తిరిగి వస్తాయా అని స్పీకరమ్మ డాక్టర్ని అడిగింది.

"పీకేసిన పన్ను మళ్ళీ అతికించలేమండీ. ఫరవాలేదు. ఈ ఏడాది మళ్ళీ వెళ్దాం" అన్నాడాయన. అని, కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "రండి, ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఎక్కలేదు మీరు."

ఆవిడ ఎప్పుడూ ఎక్కలేదన్నది నిజమే. పందొమ్మిదేళ్ళలో ఎన్ని కార్లకు స్పీకర్లు అంటించిందో లెక్కలేదు, ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు. ఒళ్ళు మడిచి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది. కారు పులిలా గుర్రుమంటూ వీధి దాటింది. క్షవరశాల ముందు మొగుడు, సగం గడ్డంతో ఉన్న గిరాకీని వదిలేసి బయటికొచ్చి చెయ్యి ఊపాడు. వంతెన ఎక్కాక డాక్టరు రేడియో పెట్టాడు. ఎవరో ఒకావిడ కూనిరాగంలా పాడుతోంది. వీపు వెనకనుంచి, సరిగ్గా భుజం మీదుగా, ఆ గొంతు మెత్తగా వచ్చింది. పాట మధ్యలో ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. స్పీకరమ్మ కళ్ళు మూసుకుంది.

డాక్టరు ఓరకంట చూశాడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయేమోనని వేగం తగ్గించాడు.

"ఆపండి" అంది ఆవిడ.

"ఏమైందండీ?"

"జాలీకి ఎడమ వైపు మర వదులుగా ఉంది. మీరు గేరు మార్చినప్పుడల్లా టిక్కుటిక్కుమంటోంది. మీకు వినబడటం లేదూ?"

డాక్టరుకు వినబడలేదు. వంతెన మధ్యలో కారు ఆపాడు. వెనక నాలుగు బళ్ళు హారన్లు మోగించాయి. స్పీకరమ్మ వాళ్ళ వైపు చూడకుండా సీటు మీద మోకాళ్ళేసి వెనక్కి తిరిగి, పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసి మర బిగించింది. పిడికిలితో జాలీని ఒకసారి తట్టి చూసింది. మళ్ళీ ముందుకు తిరిగి కూర్చుని, గాలికి చెదిరిన జుట్టు సర్దుకుంది.

"ఇప్పుడు పోనివ్వండి" అంది. "కాస్త వేగంగానే పోనివ్వండి."